వంటపుస్తకం కొనేముందు రసం పేజీ తిప్పండి: ఎవరికి ఏది మేలు?

మా చెల్లెలి కూతురు తిరుపతిలో పీజీ చదువుకు చేరింది. హాస్టల్ తిండి పడక, బైరాగిపట్టెడలో ఇంకో అమ్మాయితో కలిసి గది తీసుకుంది. ఒక ఇండక్షన్ స్టవ్, మూడు లీటర్ల కుక్కర్, ఒక బాణలి, నాలుగు గిన్నెలు. ఇద్దరూ శాకాహారులే. మొన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, వీడియో చూస్తా వండితే ఫోనంతా పిండి అవుతా ఉంది. మధ్యలో యాడ్ వచ్చి పోయేలోపు పోపు మాడిపోతా ఉంది. మంచి వంటపుస్తకం ఒకటి చెప్పు" అంది.

పేరు చెప్పడం ఎంతసేపు! కానీ నా అరలో ముప్పై ఏళ్లుగా నలిగిన పుస్తకం దానికి ఇస్తే రెండోరోజే మూలన పడేస్తుందని నాకు తెలుసు. అందుకే ఆదివారం ఇద్దరినీ గాంధీ రోడ్డులో ఒక పుస్తకాల షాపుకు తీసుకుపోయాను. నాలుగు రకాలు ముందు పెట్టుకుని, "అన్నిట్లోనూ రసం పేజీ తియ్యండే" అన్నాను. రసమే ఎందుకంటే, అది అందరూ తిన్నదే, రుచి ఎలా ఉండాలో నాలుకకు తెలిసిందే. పైగా చేయడం సులువు, చెడగొట్టడం ఇంకా సులువు.

మొదటి పుస్తకంలో మూడే వాక్యాలున్నాయి. చింతపండు నిమ్మకాయంత, ఉప్పు, రసం పొడి తగినంత, మరిగించి పోపు పెట్టాలి. రెండోదాంట్లో అదే రసానికి రెండు పేజీలు, ఆరు ఫోటోలు. నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లో ఉంది. పచ్చివాసన పోయేదాకా చింతపండు నీళ్లు కాగనివ్వాలని ఉంది. పప్పుకట్టు పోశాక అంచుల వెంట నురుగు కట్టి పైకి లేస్తుందే, అప్పుడు దించేయాలి, తెర్లనివ్వకూడదు అని ఆ నురుగు ఫోటో కూడా వేశారు. మా పిల్ల ఆ ఫోటో దగ్గర ఆగిపోయింది. "ఓ, ఇందుకా నాది కషాయంలాగ వచ్చేది! నేను పది నిమిషాలు తెర్లిస్తా ఉన్నా" అంది.

దాని స్నేహితురాలిది పలమనేరు పక్క పల్లె. చిన్నప్పటినుంచీ పొయ్యి దగ్గర పెరిగిన చెయ్యి. ఆ అమ్మాయి అదే పుస్తకం తిప్పి, "ఉల్లిపాయ తరిగేదానికి నాలుగు ఫోటోలా పెద్దమ్మా!" అని నవ్వింది. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే గది, ఒకే స్టవ్. అయినా ఒకే పుస్తకం ఇద్దరికీ కుదరదు. శాకాహార వంటపుస్తకం ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది, నీకు పప్పు పొంగకుండా వండడం వచ్చా అని.

ఆ మూడు వాక్యాల పుస్తకం సంగతి తిరుపతి వాళ్లకు దిట్టం అనే ఒక్క మాటతో చెప్పొచ్చు. శ్రీవారి లడ్డూకు ఏ సరుకు ఎంత పడాలో కట్టిన లెక్క అది. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం 803 కిలోలు. పత్రికల్లో ఎన్నోసార్లు అచ్చయిన లెక్కే, దాపరికం ఏమీ లేదు. భాగించి చూస్తే ఒక్కో లడ్డూకు పిండి సుమారు 35 గ్రాములు, చక్కెర 78, నెయ్యి 32. ఇక ఇంట్లో చేసేయొచ్చా? చేసి చూడండి! పాకం ఏ తీగకు రావాలి, బూంది ఎంత మెత్తగా ఉండగా పాకంలో వేయాలి, ఎంత వేడిమీద చేత పట్టాలి అనేవి దిట్టంలో ఉండవు. అవి పోటులో, అంటే గుడి వంటశాలలో పనిచేసేవాళ్ల చేతుల్లో ఉంటాయి. వాళ్లకు దిట్టం చాలు. మనకు చాలదు.

పాత వంటపుస్తకాలు చాలావరకు దిట్టాలే. చెయ్యి తిరిగినవాళ్లకు అవి బంగారం, ఎందుకంటే అనవసరంగా ఒక్క మాటుండదు. పెళ్లికి నలభైమందికి పులిహోర కలపాలంటే నాకిప్పటికీ కావలసింది బియ్యానికి చింతపండు ఎంత అన్న ఒక్క ముక్కే. ఫోటోలెందుకు? కొత్తవాళ్లకు మాత్రం అవి పజిల్ పుస్తకాలు. నా కొత్త కాపురంలో అవ్వ దగ్గరనుంచి తెచ్చుకున్న పుస్తకంలో పులుసుకు "చింతపండు ఒక పలం" అని ఉంది. పలం అంటే ఫలమే కదా అనుకుని ఒక్కటంటే ఒక్క చింతకాయ ఒలిచి వేశాను! మూడు గింజలది. ఆ పులుసు తాగి మా మామగారు పాపం ఏమీ అనలేదు, మజ్జిగ పోసుకున్నారు. పలం అంటే మూడు తులాలు. తులం 11.66 గ్రాములు కాబట్టి, పలం దాదాపు 35 గ్రాములు. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, మా చిత్తూరు వైపు ఇళ్లలో పడి, ఆళాకు, వీశె ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాయి. ఎనిమిది ఆళాకులు ఒక పడి. ఇవి తెలియకుండా పాత పుస్తకం కొంటే నా పులుసే.

పాతవాటిలో ఒకదాన్ని మాత్రం వేరుగా చెప్పాలి. ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో తమిళంలో వేసిన 'సమైత్తు పార్', అంటే వండి చూడు. ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చిత్తూరులో బోలెడు. అలాంటి ఇళ్లలో కొత్త కోడలికి ఇచ్చే పుస్తకం ఇది. పాతదైనా ఉత్త దిట్టం కాదు, కొత్తగా సంసారంలోకి వచ్చిన పిల్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. సాంబారు, రసం, కూటు నేర్చుకోవడానికి ఇప్పటికీ గట్టి పుస్తకమే. అయితే అది తమిళ బ్రాహ్మణ ఇళ్ల వంట. రాగి సంగటి, ఊరిబిండి కోసం దాన్ని తెరవరు. పైగా అది కుటుంబానికి వండే లెక్క. గదిలో ఇద్దరికి వండుకునేవాళ్లు సగానికి సగం చేసుకోవాలి. అందులోనూ ఒక తిరకాసుంది. పప్పు, ఉప్పు సగం చేస్తే సరిపోతుంది, నీళ్లు అలా సరిపోవు. గిన్నె వెడల్పు అదే, ఆవిరి అంతే పోతుంది, కాబట్టి సగం కంటే కాస్త ఎక్కువే పోయాలి. కొత్తవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, పప్పు అడుగంటాక తెలుస్తుంది.

ఇక మన ప్రాంతం పుస్తకాలు, అంటే రాయలసీమ వంటలని వేసేవి. వీటిమీద నాకు మమకారం ఎక్కువ, కోపమూ ఎక్కువే. షాపులో ఒకటి తీసి పితికిపప్పు పేజీ చూశాను. "పితికిన అనపపప్పు రెండు కప్పులు" అని మొదలైంది. ఆ పితకడమే కదా అసలు వంట! సంక్రాంతి రోజుల్లో అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రి నీళ్లలో వేసి, తెల్లారి వసారాలో కూర్చుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్కటీ నొక్కితే పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్లకు అంటుకుంటుంది. సరిగా నాననిది నొక్కితే రెండుగా చీలి చితికిపోతుంది. ఇద్దరు కూర్చుంటే గంట పని. ఆ రాత్రి నానబెట్టడం, ఆ గంట సంగతి పుస్తకంలో లేకపోతే, మా పిల్లలాంటిది కాలేజీనుంచి వచ్చి ఏడింటికి మొదలుపెడితే ఆ రాత్రికి తిననే తినదు. పలమనేరు అమ్మాయికి మాత్రం ఆ వాక్యం చాలు. ఆమెకు కావలసింది మసాలా పాళ్లే. వాళ్ల ఊళ్లో కొబ్బరి ఎక్కువ వేస్తారట, ఈ పుస్తకంలో గసగసాలు కూడా ఉన్నాయని అక్కడే నిలబడి చదివేసింది.

వెయ్యి వంటల లావు పుస్తకం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అందులో నలభై రకాల పచ్చళ్లుంటే ముప్పై ఒకే పేరాను కూరగాయ పేరు మార్చి దించినవే. బహుమతిగా ఇచ్చేదానికి బరువుగా బాగుంటుంది.

బయటి రాష్ట్రాలవి, విదేశాలవి కొనేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. వాళ్ల 'వెజిటేరియన్' మన శాకాహారం ఒకటి కాకపోవచ్చు. చాలావాటిలో గుడ్డు ఉంటుంది. చీజ్‌లో కొన్ని రకాలు దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో చేస్తారు. ఇక ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లు మన తిరుపతిలో తక్కువేమీ కాదు. అలాంటివాళ్లు "ఉల్లిపాయ వద్దనుకుంటే మానేయండి" అని రాసిన పుస్తకాన్ని అక్కడే పెట్టేయొచ్చు. ఉల్లి తీసేస్తే రుచి ఒక్కటే పోదు, కూరకు చిక్కదనం పోతుంది. బదులుగా వేయించిన శెనక్కాయల పొడో, కొబ్బరో, గసగసాలో నూరి వేయమని చెప్పేది అసలు పుస్తకం.

కొత్తవాళ్ల పుస్తకంలో ఫోటోలు ఉంటే చాలదు. ఫోటోలు రెండు రకాలు. పూర్తయిన కూరను ఇత్తడి గిన్నెలో పెట్టి, పక్కన అరిటాకు వేసి తీసింది మనకు ఆకలి పుట్టిస్తుంది, అంతకుమించి పని చేయదు. టమాటా మగ్గి నూనె పక్కకు తేలినప్పుడు బాణలి లోపల ఎలా ఉంటుందో చూపించేది నేర్పుతుంది. అలాగే కప్పు. మొదటి పేజీల్లో ఎక్కడైనా కప్పంటే ఎన్ని మిల్లీలీటర్లో రాశారా? అచ్చుపుస్తకాల కప్పు ఎక్కువగా 240, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. ఒకదానితో బియ్యం, ఇంకోదానితో నీళ్లు కొలిస్తే అన్నం సంగతి చెప్పక్కర్లేదు. టీస్పూన్ 5, టేబుల్ స్పూన్ 15. వట్టి "చెంచా" అని రాస్తే ఉప్పు మూడింతలు పడే ప్రమాదం ఉంది. కల్లుప్పా పొడి ఉప్పా అని కూడా చెప్పాలి, ఒకే చెంచాలో పొడి ఉప్పు ఎక్కువ బరువు తూగుతుంది.

అన్నిటికంటే నాకు చిరాకు పుట్టించే మాట "మూడు విజిల్స్". ఎవరి కుక్కర్‌కి మూడు? మూడు లీటర్లదీ ఐదు లీటర్లదీ ఒకేలా కూయవు. పెద్ద మంటమీద మూడు విజిల్స్ ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి, పప్పు పలుకుగానే ఉంటుంది. "మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇన్ని నిమిషాలు" అని రాసిన పుస్తకం కనిపిస్తే, రాసినవాళ్లు నిజంగా వండి రాశారని నమ్మొచ్చు.

ఇంతకీ ఏం కొన్నామంటారా? మా పిల్లకు రెండో పుస్తకమే తీసుకున్నాం. అరవై వంటలకు మించి లేవు, బక్కపలచటిది. పక్కనున్న లావుదానికంటే ధర ఎక్కువని అది మొహం చిట్లించింది కూడా. అయినా రెండు నెలల్లో ఇరవై వంటలు కుదిరితే ఆ డబ్బు వచ్చేసినట్టే అని సర్దిచెప్పాను. పలమనేరు అమ్మాయి రాయలసీమ పుస్తకం తన డబ్బుతోనే కొనుక్కుంది. ఏడాది తర్వాత ఇద్దరూ మార్చుకుంటారేమో. అప్పుడు మా పిల్లకు పితికిపప్పు పేజీ అర్థమవుతుంది. నా పాత దిట్టాల పుస్తకం ఇంకా చాలా ఏళ్లు నా అరలోనే ఉంటుంది.

పోయిన వారం రసం పేజీ ఫోటో తీసి పంపింది. అప్పుడే మూలన పసుపు మరక పడింది. నురుగు ఫోటో పక్కన పెన్సిల్‌తో "మన స్టవ్‌కి 1200లో 7 నిమిషాలు" అని రాసుకుంది. దాని కింద ఇంకో చేతిరాతలో, "మిరియాలు ఇంకా కావాలి."