సేథన్‌లో స్నోషూ నడక: మంచు కొలిచి చెప్పి, ఆ తర్వాతే రమ్మనే గైడ్ సేవ

వేసవిలో 47, 48 డిగ్రీల ఎండ కాసే చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో పుట్టి పెరిగిన మాకు మంచు మీద నడవాలన్న కోరిక చాలా ఏళ్లుగా ఉంది. ఈ ఫిబ్రవరిలో నేను, నా భార్య, మా బావమరిది, బొగ్గు గనిలో నాతో పనిచేసే ఇద్దరు మిత్రులు కలిసి హిమాచల్ ప్రదేశ్‌లో మనాలీకి పైన ఉన్న సేథన్ అనే చిన్న ఊరికి వెళ్లి, శని, ఆదివారాలు రెండు రోజులూ స్నోషూలు (మంచులో దిగబడకుండా పాదాలకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు) కట్టుకుని నడిచి వచ్చాము. అక్కడ మాకు బస, భోజనం, స్నోషూలు, దారి చూపే మనిషి, అన్నీ సమకూర్చినది ఆ ఊరి కుటుంబం ఒకటి తమ ఇంటి నుంచే నడుపుకుంటున్న గైడ్ సేవ. మన వైపు నుంచి వెళ్లాలనుకునే వారికి పనికివస్తుందని ఈ అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం డిసెంబరు చివరి వారంలో ఒక ఏజెన్సీ వారి ప్యాకేజీ కొని మేము మనాలీ వరకు వెళ్లాము. తేదీ రెండు నెలల ముందే ఖాయం చేసి, డబ్బు మొత్తం ముందుగానే తీసుకున్నారు. తీరా సోలంగ్ లోయకు చేరేసరికి ఎండిపోయిన గడ్డి, దూరాన కొండ శిఖరాల మీద కాస్త తెలుపు తప్ప మరేమీ లేదు. మంచు కురవడం మా చేతుల్లో ఉందా అని వారు అడిగారు. కురవడం ఎవరి చేతుల్లోనూ లేదన్న మాట నిజమే, కానీ కురిసిందో లేదో బయలుదేరక ముందే చెప్పడం మాత్రం వారి చేతుల్లోనే ఉంది. అందుకే ఈసారి గది ఎలా ఉంటుంది, భోజనం ఏమి పెడతారు అన్న ప్రశ్నల కంటే ముందు, మంచు స్థితి ఎవరు నిజాయితీగా చెబుతారని వెతికాము.

జనవరి మధ్యలో ఫోన్ చేసినప్పుడు సేథన్ గైడ్ తేదీ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ ప్రాంతంలో శీతకాలపు మంచు ఎక్కువగా మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే మేఘాల వ్యవస్థలైన వెస్టర్న్ డిస్టర్బెన్స్‌ల వల్ల కురుస్తుందని, రెండింటి మధ్య ఒక్కోసారి వారాల తరబడి పొడి వాతావరణం ఉంటుందని, అందువల్ల సిమ్లా వాతావరణ కేంద్రం సూచన చూశాకే కబురు చేస్తానని చెప్పారు. అప్పటి నుంచి ప్రతి సోమవారం ఉదయం ఆయన ఒక ఫోటో పంపేవారు. ఇంటి వెనుక గోడ పక్కన పాతిన ఒక కర్ర, దాని మీద పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎర్ర రంగు గీతలు. జనవరి అంతా ఆ కర్ర మొదట్లో పలుచగా మంచు ఉండేది. ఫిబ్రవరిలో మంచు కురిసిందన్న కబురు వచ్చాక ఐదు గీతలు మునిగిన ఫోటో వచ్చింది. నేను ఎన్నో ప్రకటనలు చూశాను గానీ, నాకు ఇంతగా నమ్మకం కలిగించినది ఆ కర్ర ఒక్కటే.

ఆయన మంచు పడిన రోజునే రమ్మనలేదు. భారీగా కురిసిన తర్వాత ఒకటి రెండు రోజులు కొత్త మంచు కింది పొరతో సరిగా అతుక్కోదని, 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న కొండల మీద మంచు ఒక్కసారిగా విరిగి కిందికి జారిపడే ప్రమాదం అప్పుడే ఎక్కువని, చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ ఇచ్చే హెచ్చరికలను కూడా చూసుకుంటానని చెప్పారు. మరీ ఆలస్యం చేస్తే, ఎండ తగిలే దక్షిణపు వాలులో మంచు పగలు కరిగి రాత్రి గడ్డకట్టి పైన అప్పడంలా పొర కడుతుంది. ఉత్తరపు వాలులోనూ దేవదారు చెట్ల నీడలోనూ మెత్తని మంచు ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. ఇవన్నీ లెక్క వేసి, నాలుగో రోజుకు చేరుకోమన్నారు.

అంత తక్కువ వ్యవధిలో టికెట్లు దొరకడమే మన వారికి అసలు చిక్కు. మేము తత్కాల్‌లో తీసుకున్నాము. ఏసీ తరగతికి ముందు రోజు ఉదయం పది గంటలకు, స్లీపర్‌కు పదకొండు గంటలకు బుకింగ్ తెరుస్తారు. బుధవారం బల్లార్షాలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గురువారం ఉదయం ఢిల్లీ, ఆ సాయంత్రం బస్సు ఎక్కితే శుక్రవారం ఉదయానికి మనాలీ చేరుకోవచ్చు. రెండు రోజుల నడక కోసం వారం రోజుల సెలవు పెట్టాలన్న మాట.

మనాలీ పక్కనున్న ప్రిణి నుంచి సేథన్‌కు మలుపుల దారి. సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊరికి, మంచు పడినప్పుడు నాలుగు చక్రాలకూ పట్టు ఉండే జీపులు మాత్రమే వెళతాయి. శనివారం ఉదయం గైడ్ మాకు స్నోషూలు కట్టే ముందు, అవి లేకుండా నాలుగడుగులు వేయమన్నారు. మోకాలి దాకా దిగబడిపోయాము. వానాకాలంలో మా రేగడి పొలాల్లో కాలు దిగబడితే బురద మీద పలక వేసుకుని నడిచిన వారికి ఈ సూత్రం కొత్తగా అనిపించదు. బరువు వెడల్పుగా పరచుకుంటే నేల మోస్తుంది. అల్యూమినియం చట్రం, నడుమ ప్లాస్టిక్ పలక, అడుగున ఉక్కు పళ్లు, ఎక్కేటప్పుడు మడమ కింద నిలబెట్టే చిన్న కడ్డీ, అదే స్నోషూ. వాటితో నడిచినప్పుడు బెత్తెడు లోతు కూడా దిగలేదు. మన శరీరం బరువుతో పాటు వీపు మీద సంచి బరువు కూడా అడిగి కొలత ఎంచినది ఆయనే. కాళ్లు కాస్త ఎడంగా వేయాలి, వెనక్కి అడుగు వేయకూడదు. ఈ రెండూ అలవాటు కావడానికి అరగంట పట్టింది.

మన వాడుకలో పొద్దుటి పొగమంచూ, ఐసుగడ్డా, కొండల మీద కురిసేదీ అన్నీ మంచే. ఆయన మాత్రం తాజా, గట్టి, తడి అని మూడింటికీ తేడా చూపిస్తూ నడిపించారు. చేతి కర్రను తలక్రిందులు చేసి మంచులోకి నెమ్మదిగా దింపి, ఎక్కడ సులువుగా జారింది, ఎక్కడ ఆగింది, కింద ఎక్కడ ఖాళీ తగిలింది అని నా భార్య చేత కూడా చెప్పించారు. చెట్ల నీడలో పిడికిట్లోకి తీసుకుంటే పిండిలా రాలిపోయిన మంచు, మధ్యాహ్నం రెండు గంటలకు ఎండ వైపు ముద్దలు కట్టి స్నోషూ పళ్ల మధ్య ఇరుక్కుని అడుగడుగునా బరువెక్కింది. అందుకే ఆదివారం తెల్లవారకముందే లేపి, ఎండ ముదిరేలోపు తిరిగి తీసుకువచ్చారు. ఎదుటి కొండ వాలు మీదికి వెళదామని మా బావమరిది ఎంత అడిగినా ఒప్పుకోలేదు. ఆ మాటకు అప్పుడు చిన్నబుచ్చుకున్నా, ఇలాంటి పట్టుదలకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

లోపాలు కూడా చెప్పాలి. ఐదు జతల్లో రెండింటి పట్టీలు పాతబడి ఉన్నాయి, వాటిలో ఒకటి శనివారం దారిలోనే తెగిపోతే తాడుతో కట్టుకుని రావలసి వచ్చింది. పట్టీలు లాగి చూసుకున్నాకే బయలుదేరండి. రాత్రి గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టడం వల్ల ఉదయం బకెట్ వేడినీళ్లతోనే సరిపెట్టుకోవాలి, ఆడవారికి ఇది ఇబ్బందే. మనిషికి రోజుకు 2,800 రూపాయలలో అన్నీ కలిసి ఉన్నాయన్నారు గానీ, జీపు అద్దె వేరన్న సంగతి అక్కడికి వెళ్లాకే తెలిసింది. అది ముందుగా చెప్పవలసింది. అన్నం, రాజ్మా, వేడి సూప్ బాగున్నాయి, కారం కావలసిన వారు పచ్చడి సీసా వెంట తీసుకువెళ్లాలి.

మార్చి మొదటి వారంలో కూడా కర్ర ఫోటో వచ్చింది. నాలుగు గీతలు బయటపడి ఉన్నాయి. వచ్చే శీతకాలంలో మా అన్నయ్య కుటుంబాన్ని కూడా తీసుకువస్తామని చెప్పి, పట్టీల సంగతి మరోసారి గుర్తుచేశాను. అప్పటికి పట్టీలన్నీ మార్పిస్తానని, పిల్లల బరువుకు సరిపడే చిన్న స్నోషూలు రెండు జతలు తెప్పిస్తానని ఆయన జవాబిచ్చారు.