పారిస్‌లో తల్లి ఎలుగుబంటి

పారిస్ అంటే ఈఫిల్ టవర్, లూవ్ర్ అని అందరూ చెప్తారు. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. క్యూలు చాలా పెద్దవి, అంతే. నా ఓటు జార్దాన్ దె ప్లాంత్ తోటకి. లోపలికి వెళ్ళడానికి టికెట్ అక్కర్లేదు. 1626లో రాజుగారి ఔషధ మొక్కల కోసం మొదలైన తోట ఇది. 1734లో నాటిన లెబనాన్ దేవదారు ఇంకా పచ్చగానే ఉంది.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది మాత్రం చెట్ల కోసం కాదు, ఎమాన్యుయేల్ ఫ్రెమియే 1880లలో చేసిన ఒక కంచు విగ్రహం కోసం. ఒక వేటగాడు ఎలుగుబంటి పిల్లని చంపి నడుముకి కట్టుకున్నాడు. తల్లి వచ్చి వాణ్ణి రెండు చేతులా వాటేసుకుంది. దూరం నుంచి చూస్తే ఇద్దరూ కౌగిలించుకున్నారేమో అనిపిస్తుంది. దగ్గరికెళ్తే ఆ పట్టులో వాడి ప్రాణం పోతోందని అర్థమవుతుంది. ఎలుగు మెడలో కత్తి దిగి ఉంది, అయినా పట్టు వదల్లేదు. నేను వాళ్ళిద్దరి మొహాలే చూస్తూ నిలబడితే, అమ్మ “ముందు వాడి నడుం చూడవే” అంది. అక్కడ పిల్ల ఎలుగు తల వాల్చేసి వేలాడుతోంది. “తగిన శాస్తి జరిగింది వెధవకి” అని అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని నవ్వే తల్లి బొమ్మలు యూరప్ మ్యూజియంలలో కొల్లలు. వాటి ముందు అమ్మ ఇంతసేపు నిలబడలేదు.

ఫ్రెమియే చిన్న వయసులో ఇదే తోటలో ఎముకల బొమ్మలు గీసే పని చేశాడు. డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో మార్చురీలోనూ బొమ్మలు వేశాడు. ఆ అనుభవమంతా ఎలుగు భుజాల కండరాల్లో కనిపిస్తుంది. 1875లో జంతు శిల్పి బారీ చనిపోయాక, ఇక్కడ జంతువుల డ్రాయింగ్ నేర్పే ఉద్యోగం ఈయనకే వచ్చింది. ఓపికుంటే టికెట్ కొనుక్కుని పక్కనే ఉన్న పేలియంటాలజీ (శిలాజాల) గ్యాలరీకి వెళ్ళండి. వరసగా నిలబెట్టిన అస్థిపంజరాల హాలు పిల్లలకి పండగే. గుమ్మంలోనే ఫ్రెమియే పాలరాతిలో చెక్కిన ఒరాంగుటాన్ మనిషి గొంతు నులుముతూ ఎదురొస్తుంది. మరీ చిన్నపిల్లలైతే జడుసుకుంటారు.

లూవ్ర్ పక్కన ట్విలరీస్ తోటలో ఇంకో తల్లి ఉంది. ఒగ్యుస్త్ కేన్ చేసిన ఆడపులి, నోట నెమలిని కరుచుకుని పిల్లలకి తెస్తూ ఉంటుంది. మన జాతీయ జంతువు మన జాతీయ పక్షిని పట్టుకుందన్నమాట! పనితనం బాగుంది కానీ, ఎలుగు ముందు ఇది నాకు కాస్త చప్పగా అనిపించింది. దీని కోసం న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు పారిస్ దాకా రానక్కర్లేదు. కేన్ 1866లో చేసిన ఇలాంటి పులే న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఉంది. ట్విలరీస్ ఎదురుగా రోడ్డు దాటితే ఫ్రాన్స్ వీరనారి జోన్ ఆఫ్ ఆర్క్ బంగారు పూత విగ్రహం గుర్రం మీద కనిపిస్తుంది. దాని ముందు సెల్ఫీలు దిగేవాళ్ళు చాలామందే. అది కూడా ఫ్రెమియేదే, 1874 నాటిది.

ఇక బస సంగతి. మేము గార్ ద్యు నోర్ స్టేషన్ దగ్గర దిగాం. ఎయిర్‌పోర్ట్ నుంచి ఆర్‌ఈఆర్ బి రైలు నేరుగా అక్కడికే వస్తుంది. 2025లో టికెట్ 13 యూరోలు ఉండేది. హోటల్ పేరు చెప్పను గానీ, లిఫ్ట్‌లో ఒక సూట్‌కేసు పెడితే ఇక మనిషికి చోటు లేదు. చెకౌట్ అయ్యాక సామాను ఉంచడానికి విడిగా డబ్బు అడిగారు, బుకింగ్‌లో ఆ మాటే లేదు. స్టేషన్ చుట్టుపక్కల జేబుదొంగల టెన్షన్ కూడా ఉంటుంది. ఒక్క లాభం ఏంటంటే, నడిచి వెళ్ళేంత దూరంలో లా షపెల్‌లో శ్రీలంక తమిళుల హోటళ్ళున్నాయి. దోసె, సాంబారు దొరికాక అమ్మకి పారిస్ మీద కోపం తగ్గింది.

మళ్ళీ వెళ్తే మాత్రం గార్ దోస్టర్‌లిట్జ్ స్టేషన్ వైపే రూమ్ తీసుకుంటాను. జార్దాన్ దె ప్లాంత్ గేటు ఎదురుగానే, వీధులు ప్రశాంతంగా ఉంటాయి. దోసె కావాలంటే మెట్రో 5వ లైన్ ఎక్కి మారకుండా గార్ ద్యు నోర్‌లో దిగొచ్చు. తోటకి రెండో చివర 1926లో కట్టిన పెద్ద మసీదు ఉంది. అక్కడి టీ హాల్లో చిన్న గాజు గ్లాసుల్లో పుదీనా టీ ఇస్తారు. తీపి బాగా ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్ళు ఒక గుక్కతో ఆపేయడం మంచిది. నడిచి నడిచి కాళ్ళు పీకుతున్నప్పుడు ఆ నీడలో కూర్చోవడం హాయిగా ఉంటుంది.

మంగళవారం గ్యాలరీలకి సెలవు. తోట మాత్రం తెరిచే ఉంటుంది కాబట్టి, ఎలుగుబంటి ఒక్కటి చాలు అనుకుంటే ఆ రోజు కూడా వెళ్ళొచ్చు.