ఏథెన్స్ గుడ్లగూబ నాణేల పేరిట పోత నాణేలు అమ్ముతున్నారు, జాగ్రత్త

ప్రాచీన గ్రీకు వెండి నాణేలు సేకరించే మిత్రులకు ఈ హెచ్చరిక. ఒకవైపు శిరస్త్రాణం ధరించిన ఎథీనా దేవి, మరోవైపు ఆమె పక్షి అయిన గుడ్లగూబ ఉన్న క్రీ.పూ. 440 నాటి ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్ (నాలుగు డ్రాక్మాల వెండి నాణెం) అని చెప్పి ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు పంపిన నాణెం నకిలీది. ఆ గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమనీ, నాణేన్ని పూజగదిలో ఉంచితే సిరి కలుగుతుందనీ కూడా ప్రకటనలో రాశారు. ఏథెన్స్ నాణేనికీ మన లక్ష్మీదేవికీ ఏ సంబంధమూ లేదు. ఇలాంటి మాటలు చెప్పి అమ్మేవారికి నాణేల గురించి తెలియదనైనా అనుకోవాలి, మనకు తెలియదని వారు అనుకుంటున్నారనైనా అనుకోవాలి.

మోసం మొదట బొమ్మలోనే బయటపడింది. క్రీ.పూ. 5వ శతాబ్దపు నాణేలపై ఎథీనా ముఖం పక్కకు తిరిగి ఉన్నా, కన్ను మాత్రం మనవైపే చూస్తున్నట్టు బాదంగింజ ఆకారంలో నిండుగా ఉంటుంది. కన్నును కూడా పక్కనుంచి కనిపించేలా చెక్కడం ఆ తర్వాత, క్రీ.పూ. 4వ శతాబ్దంలో వచ్చిన మార్పు. నా నాణెంపై ఉన్నది ఈ రెండో రకం కన్ను. గుడ్లగూబ పక్కన ఉండే మూడు గ్రీకు అక్షరాల్లో నడుమ చుక్క ఉండవలసిన థీటా ఉత్త సున్నాలా మిగిలింది గాని, దాన్ని అరుగుదల కింద సరిపెట్టుకోవచ్చు. బరువును అలా సరిపెట్టుకోలేము: సుమారు 17.2 గ్రాములు ఉండవలసిన నాణెం 14.6 గ్రాములే తూగింది, అంచు చుట్టూ పోత అతుకును ఆకురాయితో రాసిన గీతలు కూడా ఉన్నాయి. అసలు నాణేలను పోత పోయలేదు, అచ్చుతో కొట్టారు కనుక వాటికి అలాంటి అతుకు ఉండదు.

అసలు విషయం గాటు దగ్గర ఉంది. ఆ కాలంలోనే రాగికి వెండి తొడిగిన దొంగ నాణేలు చలామణీ అయ్యేవి కనుక వర్తకులు ఉలితో గాటు పెట్టి లోపలి లోహాన్ని చూసేవారు. నా నాణెంపై గుడ్లగూబ తల మీదుగా అలాంటి గాటే ఉంది, కానీ దాని అంచులు మొద్దుబారి, అడుగు నున్నగా ఉంది. అంటే ఏదో నిజమైన నాణేన్ని మూసగా తీసుకుని, దాని గాటుతో సహా పోత పోశారన్నమాట. అదే అమ్మకందారు పెట్టిన మరో నాణెంపై అదే చోట, అదే పొడవున గాటు కనిపించింది. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలపై బొమ్మలు కలవవచ్చు, ఎవరో వర్తకుడు చేత్తో పెట్టిన గాట్లు కలవవు.

డబ్బు తిరిగి అడిగితే సమాధానం ఆగిపోయింది. ఇలాంటివి కొనే ముందు అంచు ఫోటో, తూకం మీద పెట్టిన ఫోటో అడగండి. ఇప్పటికే డబ్బు పంపినవారు ప్రకటననూ చెల్లింపు వివరాలనూ భద్రపరచి సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేయండి.