మచ్చ బెడ్‌రూమ్‌లో, లీకు బాత్‌రూమ్‌లో

గోడల్లో తేమ, లీకులు ఎక్కడ్నుంచో చెక్ చేసే ఈ కంపెనీకి నాలుగు స్టార్లు ఇచ్చాను కానీ నా లెక్కలో మూడున్నరే. సగం స్టార్ ఇక్కడ పడట్లేదు. ఆ సగం ఎందుకు కోశానో కింద చెప్తాను.

మియాపూర్‌లో కొత్త ఫ్లాట్. మార్చిలో తాళాలు తీసుకున్నాం, ఎండల్లోనే గృహప్రవేశం, అప్పటికి గోడలన్నీ అద్దంలా ఉన్నాయి. ఆగస్టు వచ్చేసరికి మాస్టర్ బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన. మా అత్తగారు కలరా ఉండలు వేయమంటే వేశాం, అప్పట్నుంచి రెండు వాసనలూ కలిసి వచ్చేవి. శ్రావణ శుక్రవారం పూజకని మా ఆవిడ పట్టుచీర తీస్తే మడత పొడవునా బూడిదరంగు చార. ఇక లాభం లేదని కింది అర మొత్తం ఖాళీ చేసి టార్చి వేసి చూశాను. వెనక ప్లైవుడ్ మీద ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు, పక్కనే గోడకి స్కర్టింగ్ పైన పెయింట్ అప్పడంలా ఉబ్బి ఉంది, వేలితో నొక్కితే లోపలి పుట్టీ మెత్తగా దిగిపోయింది.

బిల్డర్ మనిషి వచ్చి చూసి, "కొత్త గోడ కదా సార్, పచ్చి ఆరుతోంది, ఒక కోటు వేసేద్దాం" అన్నాడు. ఆరే గోడైతే మచ్చ తగ్గాలి కదా, ఇది వారం వారం పెరుగుతోంది! అందుకే పోతే పోయాయి డబ్బులని వీళ్ళని పిలిచాను. చెకింగ్‌కి 4,500.

వచ్చిన కుర్రాడు మాత్రం పని తెలిసినవాడు. గోడ మీద తెల్లగా పొడిలా ఉన్నచోట నీటి చుక్క వేసి చూపించాడు, అది కరిగిపోయింది. "ఇది ఉప్పు సార్, నీళ్ళు సిమెంటులోంచి బయటికి తెచ్చి వదిలేసింది, బూజు అయితే ఇలా కరగదు" అన్నాడు. తర్వాత థర్మల్ కెమెరా. నేను అదేదో ఎక్స్‌రేలా గోడ లోపలికి చూస్తుందనుకున్నాను, కాదట. తడి ఆరుతున్న చోట గోడ చల్లబడుతుంది, కెమెరా ఆ తేడాని రంగుల్లో చూపిస్తుంది, అంతే. అందుకే దాన్నొక్కదాన్నే నమ్మకుండా తేమ మీటర్ కూడా పెట్టాడు: హాల్ వైపు గోడకి 12, వార్డ్‌రోబ్ వెనక 41.

మేమంతా వాన నీళ్ళే అనుకుంటున్నాం, బయటి గోడ అటే ఉంది కాబట్టి. అతను మాత్రం బాత్‌రూమ్ పట్టుకున్నాడు. ముందు పైపులకి పంపుతో 6 కేజీల ప్రెషర్ ఎక్కించి అరగంట కూర్చున్నాడు, ముల్లు కదల్లేదు, అంటే పైపుల తప్పు లేదు. అప్పుడు నహానీ ట్రాప్‌కి, అంటే నేలలో నీళ్ళు పోయే కన్నానికి, బెలూన్ బిగించి, బాత్‌రూమ్‌లో రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నకి మీటర్ 41 నుంచి 60 దాటింది. వాన చుక్క లేని రోజు అది. తర్వాత టైల్స్ తీస్తే తేలిందేమిటంటే, కింద వాటర్‌ప్రూఫింగ్ వేశారు కానీ దాన్ని గోడ మీదికి ఎక్కించకుండా నేల దగ్గరే ఆపేశారు. మేం స్నానం చేసినప్పుడల్లా మూలలోంచి నీళ్ళు దిగి, సంకెన్‌లో, అంటే బాత్‌రూమ్ నేల కింద పైపుల కోసం వదిలే గుంటలో నిండి, మా బట్టల వెనకకి చేరుతున్నాయన్నమాట.

ఇక ఆ సగం స్టార్ సంగతి. రెండు రోజుల్లో ఇస్తామన్న రిపోర్టు ఆరో రోజుకి, అదీ నాలుగుసార్లు ఫోన్ చేస్తే వచ్చింది. దాంతోపాటు 62,000 ఎస్టిమేట్, అందులో బూజు మీద కెమికల్ స్ప్రే కొట్టి ఆ వారంలోనే పెయింటింగ్ అట. గోడ లోపల తడి ఉండగా పైన ఏం కొట్టినా మళ్ళీ వస్తుంది కదయ్యా అంటే ఆఫీసులో అమ్మాయి "మా ప్యాకేజీ అంతే సార్" అంది. చెకింగ్‌కి వచ్చిన కుర్రాడు చెప్పింది ఒకటి, ఆఫీసు అమ్మేది ఇంకొకటి.

పని వీళ్ళకి ఇవ్వలేదు. రిపోర్టు జతచేసి బిల్డర్‌కి మెయిల్ పెట్టాను. ఇళ్ళు కొనేవాళ్ళ కోసం బిల్డర్ల మీద పెట్టిన 2016 రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఇల్లు అప్పజెప్పిన అయిదేళ్ళలోపు పనితనంలో లోపం బయటపడి మనం చెబితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. "పచ్చి ఆరుతోంది" అన్న మనిషే మేస్త్రీని వెంటపెట్టుకుని వచ్చాడు. ఈసారి కోటింగ్ గోడ మీద అడుగు ఎత్తు దాకా ఎక్కించాక, టైల్స్ వేయకముందే రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూడనిస్తేనే ఒప్పుకున్నాను. ఉబ్బిన పుట్టీని తడిపి, మాస్కు కట్టుకుని గీకించాం. పొడిగా గీకితే ఆ బూజంతా గాల్లోకి లేచి ఇల్లంతా పడుతుంది. తర్వాత అయిదు వారాలు ఫ్యాన్ పెట్టి వదిలేశాం. వీళ్ళ కుర్రాడే మళ్ళీ వచ్చి 1,000 తీసుకుని మీటర్ పెడితే 14 చూపించింది, అప్పుడే పెయింట్ వేయించాం.

వార్డ్‌రోబ్‌కి వెనక చెక్క మాత్రం ఇంకా లేదు. కార్పెంటర్ దసరా ముందు నుంచీ "రేపొస్తా సార్" అంటూనే ఉన్నాడు.