జాగ్రత్త!! పాత చర్చి రిజిస్టర్లలో ఊరి పేరు కనిపెడతాం అనేవాళ్ళకి డబ్బులు కట్టేముందు ఇది చదవండి

ఆ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటది. వంశవృక్షాలు గీసిస్తాం, పాత మిషన్ రికార్డులు వెతుకుతాం, మీ పూర్వీకుల ఊరు చూపిస్తాం అని పొద్దున్నా సాయంత్రం పోస్టులు పెడతారే, వాళ్ళే. పేరు ఇక్కడ రాయట్లేదు, చూసినవాళ్ళకి అర్థమైపోద్ది. 8,500 కట్టాను, పోయాయి. కానీ ఇంత కోపం డబ్బుల కోసం కాదండీ, వాళ్ళు చేసిన పనికి.

సంగతి ఏంటంటే, మా అమ్మమ్మ వాళ్ళ తాతగారి బాప్తిస్మం బందరు వైపు ఒక పాత సంఘం రిజిస్టర్లో దొరికింది, 1884 సంవత్సరం. అక్కడి పాస్టరు అయ్యగారు మంచివారు, ఫొటో తీసుకోనిచ్చారు. ఇంగ్లీషు చేతిరాత, సిరా అక్కడక్కడా పాకింది, అయినా పేరు, తండ్రి పేరు, చేసే పని, నివాసం గళ్ళవారీగా ఉన్నాయి. నివాసం గడిలో మాడెపొల్లం అని ఉంది, దాని కిందే చిన్న అక్షరాలతో ఇంకో లైను. మా ఇంట్లో ఎవరికీ ఆ ఊరు తెలీదు. అమ్మమ్మకి ఇప్పుడు పెద్ద వయసు, ఆవిడ ఉండగానే ఊరేదో తేల్చి చెప్పాలని నా ఆరాటం. అందుకే తెలిసినవాళ్ళు కదా అని వీళ్ళకి ఇచ్చాను.

రిపోర్టు వచ్చింది. రంగురంగుల కవరు, పైన మా ఇంటిపేరు పెద్దక్షరాలతో. లోపల తేల్చింది ఏంటయ్యా అంటే "మదనపల్లె, చిత్తూరు జిల్లా". ఇక పేజీలకి పేజీలు మదనపల్లె గొప్పలే, 1919లో టాగోర్ గారు అక్కడ కాలేజీలో జనగణమనకి ఇంగ్లీషు అనువాదం చేశారని, హార్స్‌లీ హిల్స్ చల్లగా ఉంటాయని, ఫొటోలతో సహా. అవన్నీ నిజాలే, మదనపల్లె మీద నాకేం కోపం లేదు. 1884లో బందరు దగ్గర బాప్తిస్మం తీసుకున్న మనిషికీ వాటికీ ఏం సంబంధం? పైగా అసలు చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో, అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఊళ్ళు వెతికే పని చేసుకు బతికేవాళ్ళకి ఆ ముక్క తెలియకపోతే ఎలా?

సరే, అది తప్పు అనుకుందాం, తప్పులు ఎవరైనా చేస్తారు. నేను క్షమించలేనిది ఇప్పుడు చెప్పేది. "ఆధారం 1" అని నేను పంపిన ఫొటోనే రిపోర్టులో అతికించారు. ఏదో తేడాగా అనిపించి నా ఫోన్లో ఒరిజినల్ తీసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి చూశాను. వాళ్ళ ఫొటోలో ఊరి పేరులోని పీ అక్షరం తోక సగంలో తెగిపోయి ఉంది. అంటే సరిగ్గా ఆ అక్షరాల కింద నుంచి కత్తిరించేశారు. ఒరిజినల్లో ఆ తోక కింద లైనులోకి దిగుతుంది, ఆ కింద లైనులో "నియర్ నర్సా" వరకు శుభ్రంగా చదవొచ్చు, తర్వాత మరక. కుడివైపు గడి కూడా లేపేశారు, అందులో "వీవర్" అని ఉంది, నేతపని. అసలు ఊరిని పట్టిచ్చే రెండు మాటలూ కోసి పారేసి మిగిలిన ముక్క నాకే ఆధారం అని చూపించి డబ్బులు తీసుకున్నారు. కనపడలేదంటే నమ్మేదాన్ని. కనపడకపోతే అంత కరెక్టుగా ఎక్కడ కొయ్యాలో ఎలా తెలిసిందండీ?

వాళ్ళకి ఫోన్ చేశాను. ఎత్తినతను ముందు "మేడమ్ అది సాఫ్ట్‌వేర్ ఆటోమేటిగ్గా క్రాప్ చేస్తది" అన్నాడు. మరి నర్సా అని ఉన్న లైను సంగతేంటి అంటే, మా ఎక్స్‌పర్ట్ చూశాడు, మదనపల్లెలో కూడా అప్పట్లో మిషన్ ఉంది అంటాడు. ఉంది, అమెరికన్ ఆర్కాట్ మిషన్, ఎవరు కాదన్నారు? మిషన్ ఉన్న ప్రతి ఊరూ మా ఊరైపోద్దా? డబ్బులు వెనక్కివ్వండి అన్నాక గొంతు మారిపోయింది. "ఆ రోజుల్లో ఎక్కడుంటే ఏంటమ్మా ఇప్పుడు, అక్కడ మీకేమన్నా ఆస్తులున్నాయా? ఊరి పేరు అడిగారు, ఇచ్చాం" అని పెట్టేశాడు. తర్వాత చేస్తే బ్లాక్. ఆ మాట ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది. ఆస్తుల కోసమే మనుషులు తమవాళ్ళని వెతుక్కుంటారా? ఈ రిపోర్టు నేను అమ్మమ్మకి చదివి వినిపించాను కూడా. ఆవిడ వెంటనే "మదనపల్లె ఏంటే, రేవు దాటి వచ్చారని మా నాన్న చెప్పేవాడు, అక్కడ గోదారి ఎక్కడుంది" అంది. ఆవిడకున్న జ్ఞాపకం పాటి పరిశోధన వీళ్ళ దగ్గర లేదు.

ఊరు నాకు ఎలా దొరికిందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పని. హాబ్సన్ జాబ్సన్ అని 1886లో వచ్చిన పాత ఆంగ్లో ఇండియన్ డిక్షనరీ ఉంది, నెట్లో ఫ్రీ. అందులో మడపొల్లం అని ఏకంగా ఒక ఎంట్రీనే ఉంది. గోదావరి పాయ ఒడ్డున నర్సాపురం దగ్గర మాధవాయిపాలెం! ఇప్పటికీ నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళేవాళ్ళు పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) ఎక్కేది ఆ మాధవాయిపాలెం రేవులోనే. 17వ శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి అక్కడ ఫ్యాక్టరీ ఉండేది, ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదు, నేతగాళ్ళ దగ్గర గుడ్డ కొని ఓడలకి పంపే కొఠీ. ఆ గుడ్డకి ఊరి పేరే పెట్టి యూరప్ అంతా అమ్మారు, ఇప్పటికీ ఫ్రెంచి వాళ్ళు ఒక రకం నూలు గుడ్డని మడపొలం అనే అంటారు. నేతపని, నర్సాపురం, రేవు, మూడూ కలిశాయి. అది చదువుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, నిజంగా. ప్రపంచానికి గుడ్డ నేసిచ్చిన ఊరు మాది, వీళ్ళు దాన్ని ఒక్క కత్తిరింపుతో తుడిచేశారు.

ఇంకోటి, బిల్లులో "లండన్ ఆర్కైవ్ ఫీజు 2,500" అని ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్‌కి పంపిన కాపీలు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరసలో ఉంటాయి, కానీ అవి ఎక్కువగా యూరోపియన్లవి, ఆంగ్లో ఇండియన్లవి. వాటిలో చాలా పేర్లు ఫిబిస్ అనే సొసైటీ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల వివరాలు చూసేది) సైట్లో పైసా ఇవ్వకుండా వెతుక్కోవచ్చు. మన తెలుగు సంఘాల రిజిస్టర్లు ఎక్కువగా ఇక్కడే, ఆయా చర్చిల బీరువాల్లో ఉంటాయి. రిపోర్టు మొత్తం తిరగేశాను, లండన్ నుంచి తెచ్చిన కాగితం ఒక్కటి లేదు. దేనికి తీసుకున్నారు ఆ డబ్బులు?

ఇంకా ఎంతమందికి ఇలా అంటగట్టారో అని భయంగా ఉంది. పాత రికార్డుల్లో చికకోల్ అంటే శ్రీకాకుళం, జగ్గర్నాయక్‌పూరం అంటే కాకినాడలో జగన్నాథపురం, ఇంగెరాం అంటే యానాం దగ్గర ఇంజరం. తెలియనివాళ్ళకి వీటి బదులు ఏ ఊరు చెప్పినా నమ్మేస్తారు. జిల్లాలు కూడా మారిపోయాయి, నర్సాపురమే చూడండి, 1859 నుంచి గోదావరి జిల్లా, 1904లో కృష్ణాలో కలిపారు, 1925లో పశ్చిమ గోదావరి అయింది. ఇవన్నీ చూసుకోకుండా ఊరు తేల్చేశాం అంటే నమ్మొద్దు.

ఎవరికైనా ఇస్తే మాత్రం ఫొటో మొత్తం పేజీది పంపండి, రిపోర్టులో కూడా మొత్తం పేజీయే పెట్టమనండి, డబ్బులు సగమే ముందు ఇవ్వండి. పక్క గళ్ళు, పై కింది ఎంట్రీలు వదలకుండా చదవండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. వీళ్ళ దగ్గర ఇప్పటికే రిపోర్టు తీసుకున్నవాళ్ళు ఈ రోజే ఒరిజినల్ పక్కన పెట్టి చూసుకోండి. నా ఇన్‌వాయిసూ, కోసిన ఫొటో, కొయ్యని ఫొటో అన్నీ దాచి ఉంచాను, వీళ్ళ మీద కంప్లెయింట్ పెట్టేవాళ్ళకి కావాలంటే మెసేజ్ చెయ్యండి, పంపిస్తాను.