ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో సీసా మందు పోస్తామంటే ఒప్పుకోకండి

ఆటోమేటిక్ కార్లు నడిపేవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇది చదవండి. నాది ఆరు గేర్ల డీజిల్ ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) ఉన్న రకం. అరవై స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే, టోల్ గేటు ముందు తెల్ల పట్టీలు దాటుతున్నట్టు సన్నగా వణికేది. విజయవాడలో ఒక ప్రైవేటు గ్యారేజీలో ఇచ్చి, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చమని మాత్రమే చెప్పాను. బండి తీసుకునేసరికి వణుకు మాయం. బిల్లులో మాత్రం కంపెనీ చెప్పిన ఆయిల్ లేదు. అన్ని బండ్లకూ పనికొచ్చే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అనీ, దాని కింద ‘అడిటివ్’ (ఆయిల్‌లో అదనంగా కలిపే సీసా మందు) అనీ రాసి ఉంది. ఇదేంటని అడిగితే, ‘అందరికీ అదే పోస్తాం సార్, గేర్‌బాక్స్ లైఫ్ పెరుగుతుంది’ అన్నారు.

కొన్ని వారాలు బాగానే నడిచింది. ఎండలు ముదిరాక హైదరాబాద్ హైవే మీద ఓవర్‌టేక్ చేయబోతే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారిగా లేచి పడుతోంది. వేరే చోట విప్పించాం. ఆయిల్ నల్లబడి మాడు వాసన కొట్టింది. క్లచ్ ప్లేట్ల మీది పొర కాలి, గరుకు పోయి నున్నగా మెరుస్తోంది. క్లచ్ ప్యాక్‌లు, టార్క్ కన్వర్టర్ రెండూ మార్చాలన్నారు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే ఆ సీసా జోలికి ఎవరూ వెళ్లరు. ఈ గేర్‌బాక్స్‌లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి పనిచేస్తాయి. ఒక ఉక్కు ప్లేటు, పక్కన కాగితం లాంటి పీచు పొర అంటించిన ప్లేటు, అలా వరసగా ఉంటాయి. ఆయిల్ ప్రెషర్ వాటిని నొక్కినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కలిసేటప్పుడు కుదుపు రాకూడదు, కలిశాక జారకూడదు. ఈ రెండూ ఆ ఆయిలే చూసుకోవాలి. జారే వేగం తగ్గేకొద్దీ రాపిడి పెరిగిపోతే ప్లేట్లు పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం మొదలవుతుంది. మనకు తెలిసే వణుకు అదే. దాన్ని అణచడానికి ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్లు కలుపుతారు. ఆ అణువులు ఒక కొసతో ప్లేటుకు అతుక్కుని, పొడవాటి తోకలతో పైన పల్చటి జారుడు పొర కడతాయి. వేడికి, గాలికి అవి కొంతకాలానికి అరిగిపోతాయి. పాత ఆయిల్‌తో వణుకు రావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

వణుకు తగ్గిస్తామని అమ్మే సీసాల్లో ప్రధానమైన సరుకు ఈ ఫ్రిక్షన్ మాడిఫయరే. అందుకే పోయగానే నిజంగానే తగ్గుతుంది, కస్టమర్ సంతోషంగా ఇంటికెళ్తాడు. కానీ అది టార్క్ కన్వర్టర్‌లో ఉండి వణికే లాకప్ క్లచ్ ఒక్కదాని దగ్గర ఆగదు, గేర్లు పట్టే ప్రతి క్లచ్‌కీ చేరుతుంది. ఆయిల్ తయారుచేసినవాళ్లు పట్టునిచ్చే కాల్షియం డిటర్జెంట్లతో తూచి పెట్టిన పాళ్లు చెదిరిపోతాయి. లోడు మీద ప్లేటు జారుతుంది, జారితే వేడెక్కుతుంది, పీచు కాలి ఆ పొడి, క్లచ్‌లకు ఆయిల్ మళ్లించే వాల్వ్ బాడీలోకి పోతుంది. లైఫ్ పెంచే మందు చేసే పని ఇదీ!

‘అన్నిటికీ ఒకటే ఆయిల్’ అనే మాట కూడా నమ్మకండి. జనరల్ మోటార్స్ ఏటీఎఫ్ రకమైన డెక్స్రాన్ 3 చిక్కదనం వంద డిగ్రీల దగ్గర ఏడున్నర సెంటీస్టోక్స్ దాకా ఉండేది. 2005లో వచ్చిన డెక్స్రాన్ 6కి గరిష్ఠ పరిమితే 6.4. టయోటా వాడే డబ్ల్యూఎస్ ఆయిల్ ఇంకా పల్చన. మూడూ ఎర్రగానే ఉంటాయి. ఆ ఎరుపు లీకు కనిపించడానికి వేసే రంగు, దాన్ని బట్టి ఆయిల్ రకం తెలియదు. సీవీటీ (గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) అయితే లెక్కే వేరు. అక్కడ ఉక్కు బెల్టు ఉక్కు పుల్లీని గట్టిగా పట్టాలి, మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారుతుంది. ఏఎంటీ (మామూలు మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే రకం) కార్లలో ఉండేది పొడి క్లచ్, మామూలు గేర్ ఆయిల్. వాటికి ఈ ఏటీఎఫ్ గొడవే లేదు.

కంపెనీలకూ ఈ వణుకు తలనొప్పి తప్పలేదు. జనరల్ మోటార్స్ 8ఎల్90, 8ఎల్45 గేర్‌బాక్స్‌లలో వణుకు ఫిర్యాదులు వెల్లువెత్తితే, 2019లో డీలర్లకు చెప్పిన మందు పాత ఆయిల్ మొత్తం కడిగేసి కొత్త ఫార్ములా ఆయిల్ నింపమని. పైన ఒక సీసా పోసి పంపెయ్యమని కాదు. ఇంకో విశేషం: ఒకప్పుడు ఏటీఎఫ్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్‌గా స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక ప్రత్యామ్నాయం కుదుర్చుకోవడానికి కంపెనీలు నానా తంటాలు పడ్డాయి. అంత సున్నితమైన వ్యవహారాన్ని షెడ్డులో కంటి కొలతతో తేలుస్తున్నారు.

బైకులవాళ్లకూ ఒక మాట. గేర్ల బైకుల్లో చాలావాటి క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 ఉందో లేదో చూడండి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు. మైలేజీ పెరుగుతుందని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

కారు ఇచ్చే ముందు ఓనర్స్ మాన్యువల్‌లో ఆయిల్ పేరు ఫోటో తీసి గ్యారేజీవాళ్లకు పంపండి. జాబ్ కార్డు మీద ‘అడిటివ్ వద్దు’ అని రాయించండి. సీలు మీ ఎదురుగా తీయమనండి, ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చుకోండి. డ్రెయిన్ ప్లగ్ తీస్తే సగం ఆయిల్ కూడా రాదు, మిగతాది చాలావరకు కన్వర్టర్‌లో ఉండిపోతుంది. లెవెల్ కూడా కంపెనీ చెప్పిన టెంపరేచర్‌లోనే చూడాలి. ‘లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు’ అంటే కూడా తల ఊపేయకండి. జెడ్‌ఎఫ్ లాంటి గేర్‌బాక్స్ కంపెనీయే తన వాటికి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది.

ఇప్పటికే ఎవరైనా మీ బండిలో సీసా పోసి ఉంటే, ఇంకా జారడం మొదలవకపోతే, సరైన ఆయిల్‌తో కొంత విరామంతో రెండు మూడుసార్లు డ్రెయిన్ చేయించి నింపించండి. గేరు మారేటప్పుడు ఆర్‌పీఎం ఎగురుతుంటే మాత్రం నడపడం ఆపి, నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీ పిలవండి. తాడు కట్టి లాగించకండి.