ఐదో నెలలో దిండి, విశాఖ: ఎక్కడ విశ్రాంతి దొరికింది, ఎక్కడ సౌకర్యం దొరికింది

టిఫా స్కాన్ అయి, రిపోర్టు బాగుందని డాక్టర్ గారు చెప్పిన తర్వాతే మేం టికెట్ల మాట ఎత్తాం. ఎవరైనా ఈ వరసలోనే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. 18 నుంచి 22 వారాల మధ్య చేసే ఆ స్కాన్‌లో బిడ్డ ఎదుగుదలతో పాటు మాయ ఎక్కడుందో కూడా తెలుస్తుంది. మాయ బాగా కిందికి ఉన్నా, అప్పటికే ఎప్పుడైనా బ్లీడింగ్ కనిపించినా, బీపీ ఎక్కువగా ఉన్నా డాక్టర్లు ప్రయాణం వద్దంటారు. అలా అన్నప్పుడు రిసార్టుకు కట్టిన అడ్వాన్సు గురించి ఆలోచించకూడదు. మాకు అలాంటివేమీ లేవు. వేవిళ్లు తగ్గాయి, అన్నం సయిస్తోంది, పొట్ట ఇంకా నడకకు అడ్డం రావడం లేదు. బేబీమూన్ అంటూ ఇప్పుడు అందరూ చెప్పుకునే ట్రిప్పుకు ఇంతకంటే మంచి సమయం ఉండదు.

ఎక్కడికి అన్నది తేలడానికి చాలా రోజులు పట్టింది. మా ఆయనకు అరకు అంటే ప్రాణం. డిసెంబరు చలి, కాఫీ తోటలు, అద్దాల పెట్టెలో సొరంగాల మీదుగా రైలు ప్రయాణం, అన్నీ నిజమే. కానీ అనంతగిరి ఘాట్ మలుపుల్లో మామూలుగానే నాకు కడుపులో తిప్పుతుంది. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, పైగా తడిగా ఉంటాయి. ఏ అవసరం వచ్చినా మళ్లీ ఆ ఘాట్ దిగి విశాఖ రావాలి. మున్నార్‌ కూడా ఇదే కారణంతో పక్కన పెట్టాం. కొచ్చి నుంచి పైకి నాలుగైదు గంటల కొండ దారి. కుమరకోం మాత్రం చివరి దాకా పోటీలో ఉంది. కొచ్చికి విమానం, అక్కడి నుంచి రెండు రెండున్నర గంటల చదును రోడ్డు, తర్వాత వేంబనాడ్ సరస్సు. అదే నీళ్లు, అవే కొబ్బరి చెట్లు మన కోనసీమలోనే ఉండగా అంత దూరం ఎందుకనిపించింది. భాష రాని ఊళ్లో డాక్టరు అవసరం పడితే ఎలా అన్న టెన్షన్ కూడా ఉంది.

అలా ముందు కోనసీమలోని దిండి, ఆ తర్వాత విశాఖ అనుకున్నాం.

ఇంట్లో చెప్పగానే అమ్మ ఒక్కటే మాట అంది: "కడుపుతో ఉన్న పిల్ల గోదావరి దాటకూడదే." అత్తయ్య గారు కూడా అమ్మ పక్షమే. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. వంతెనలు లేని కాలంలో నిండు నదిని పడవ మీద దాటడం ఎంత ప్రమాదమో వాళ్ల ముందు తరాలు చూశాయి. అవతలి ఒడ్డున నొప్పులు మొదలైతే ఇవతలికి చేర్చే దిక్కుండేది కాదు. ఆ భయమే అలా నిలిచిపోయిందని నాకనిపిస్తుంది. ఇప్పుడు పాలకొల్లు నుంచి చించినాడ వంతెన మీదుగా కారు అరగంటలో దిండి చేరుతుందని చెప్పి, మా డాక్టర్ గారితో అమ్మను ఫోన్లో మాట్లాడించాను. అప్పటికి గానీ ఒప్పుకోలేదు. పెద్దవాళ్లను కాదని బయల్దేరితే దారి పొడుగునా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ఫోన్ చేయించడం మంచిదయింది.

హైదరాబాద్ నుంచి నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం. రైల్లో గర్భిణులకు లోయర్ బెర్త్ కోటా ఉంది. డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుని రిజర్వేషన్ కౌంటర్‌కు వెళ్లి అడగాలి. సెకండ్ ఏసీలో సైడ్ లోయర్ వస్తే మార్చుకోవడానికి ప్రయత్నించండి. అది ఇరుకు, పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం కుదరదు. బెర్తు బోగీ మధ్యలో ఉంటే కుదుపులు తక్కువ. రాత్రి నాలుగైదు సార్లు బాత్రూమ్‌కి లేవాలి గనుక చివర్న ఉంటే బాగుండేదేమో అని మొదట అనుకున్నాను. కానీ తలుపు చప్పుడుకు, వాసనకు నిద్ర పట్టదు. నాలుగడుగులు ఎక్కువ నడవడమే నయం. ఆ నడక కాళ్లకు మంచిది కూడా. గర్భంతో ఉన్నప్పుడు గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. సికింద్రాబాద్ నుంచి నేరుగా విశాఖకు వందే భారత్ వద్దనుకున్నది కూడా అందుకే. ఎనిమిది గంటలకు పైగా కుర్చీలోనే ఉండాలి.

దిండిలో వశిష్ఠ గోదావరి ఒడ్డున రిసార్టు. ఫోన్లో మేం అడిగినవి అన్ని బుకింగ్ యాప్‌లలోనూ దొరకవు: కింది అంతస్తు గది, వెస్టర్న్ టాయిలెట్, బాత్రూమ్ నేల జారుతుందా, వేడినీళ్లు ఎప్పుడంటే అప్పుడు వస్తాయా, రాత్రి పది తర్వాత ఏదైనా వేడిగా తినడానికి దొరుకుతుందా. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. వెళ్లేసరికి బాత్రూమ్‌లో రబ్బరు చాప వేసి ఉంది. ఎవరూ చెప్పకుండానే మంచం మీద రెండు దిండ్లు అదనంగా పెట్టారు. ఖరీదైన హోటళ్లలో కూడా ఇంత శ్రద్ధ నేను చూడలేదు.

అక్కడ చేసిన పని అంటూ ఏమీ లేదు. పొద్దున్నే గట్టు మీద నడక. ఎండెక్కితే వరండాలో కుర్చీ, కాళ్ల కింద స్టూలు. గంగబొండాం నీళ్లు అడిగినప్పుడల్లా కొట్టి ఇచ్చేవారు. మధ్యాహ్నం అన్నం, పప్పు, చేపల పులుసు. చేప తాజాదా అని అడిగి, బాగా ఉడికించమని చెప్పేదాన్ని. కారం తగ్గించమన్నందుకు వంటాయన పొయ్యి దగ్గర్నుంచి స్వయంగా వచ్చి, మర్నాటి నుంచి నాకు విడిగా కూర చేశాడు. ఎసిడిటీతో బాధపడే వాళ్లకు ఆ సాయం ఎంతో తెలుస్తుంది. తాగడానికి మాత్రం సీసా నీళ్లే వాడాం.

మా ఆయనది అమెరికా టైమింగ్స్ ఉద్యోగం. ఆయన పడుకునే వేళకు నేను లేస్తాను. అందుకే ఇన్నాళ్లుగా వాయిదా వేస్తూ వచ్చిన మాటలన్నీ ఆ వరండాలో మాట్లాడుకున్నాం. పురుడు పుట్టింట్లోనా, హైదరాబాద్‌లోనా? మూడో నెల తర్వాత బిడ్డను ఎవరు చూసుకుంటారు? నా సెలవు అయిపోతే ఏం చేద్దాం? పురుటికి గుంటూరు వెళ్లి, డాక్టర్ మాత్రం ఎనిమిదో నెలకు ముందే మార్చుకోవాలని అక్కడే తేల్చుకున్నాం. ఇంట్లో ఉంటే ఈ మాటలు సగం తెగి, సగం గొడవలో ముగిసేవి.

పడవ గురించి కాస్త వివరంగా చెప్పాలి. హౌస్‌బోట్‌లో రాత్రి బస చేద్దామన్న ఆలోచన చూడగానే మానేశాం. లోపల ఏసీ గది బాగానే ఉంది గానీ, ఇంజన్ నడుస్తుంటే డీజిల్ వాసన వస్తుంది, అర్ధరాత్రి దిగాలంటే చీకట్లో పలక మీదుగా దిగాలి. పగలు గంటసేపు తిరిగే పడవ ఎక్కాం. ఒడ్డుకూ పడవకూ మధ్య చెక్క పలక కదులుతోంది. నేను కాలు వెనక్కి తీసుకోగానే పడవాయన, "ఆగండమ్మా, కంగారు పడకండి, ఆయ్," అంటూ పలక కింద తాడు బిగించి, తను నీళ్లలో దిగి నిలబడి భుజం ఆసరా ఇచ్చాడు. లైఫ్ జాకెట్ బెల్టులు మూడుంటే, పొట్ట మీదుగా వచ్చేది వదిలేయబోయాడు. నేను వద్దన్నాను. మధ్య బెల్టును పొట్టకు పై భాగాన, రొమ్ముల కిందికి జరిపి, కింది దాన్ని తొడల మొదలు దగ్గరకు దించి, మూడూ పెట్టుకోవచ్చు. కారు సీటు బెల్టుకూ ఇదే పద్ధతి: నడుం పట్టీ పొట్ట కిందుగా, తుంటి మీదుగా రావాలి. భుజం పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా దిగాలి. పొట్ట ఉందని బెల్టు మానేయడం ప్రమాదం.

దిండికి ఒక పెద్ద లోటు ఉంది, దోమలు. సాయంత్రం అయిదున్నర నుంచి వరండాలో కూర్చోలేం. డెంగీ గర్భిణులకు మామూలు జ్వరం కాదు కాబట్టి ఈ విషయంలో రాజీ పడొద్దు. పొడుగు చేతుల కాటన్ బట్టలు, సాక్సులు తీసుకెళ్లండి. ఒంటికి రాసుకునే మందు ఏది వాడాలో డాక్టర్నే అడగండి. గదిలో దోమతెర కట్టమంటే కడతారు. ఇంకొకటి, సంక్రాంతి వారంలో కోనసీమ వెళ్లొద్దు. కోడిపందేలు, ప్రభల తీర్థాలు, సొంతూళ్లకు వచ్చే కార్లు, రోడ్లన్నీ నిండిపోతాయి, రేట్లు పెరుగుతాయి. అక్కడి నుంచి అంతర్వేది, అప్పనపల్లి వెళ్లొచ్చు గానీ, పల్లె రోడ్ల స్పీడ్ బ్రేకర్లకు భయపడి మేం మానేశాం. వెళ్లే దారిలో పాలకొల్లు క్షీరారామం చూసుకున్నాం, అది చాలనిపించింది.

దిండి నుంచి రాజమండ్రికి కారు. మధ్యలో రావులపాలెంలో ఆగి అరటిపళ్లు కొన్నాం, అక్కడి పెట్రోల్ బంకులో బాత్రూమ్ శుభ్రంగా ఉంది. రాజమండ్రి నుంచి విశాఖకు వందే భారత్. రెండు రెండున్నర గంటలే కాబట్టి కుర్చీ ఇబ్బంది అనిపించలేదు.

విశాఖలో బీచ్ రోడ్డు మీద హోటల్. సముద్రం కనిపించే గది, లిఫ్టు, పెద్ద బాత్రూమ్, అన్నీ ఉన్నాయి. మొదటి రాత్రి నిద్ర మాత్రం లేదు. వెనక లాన్‌లో పెళ్లి రిసెప్షన్, పన్నెండు దాటే దాకా డీజే. బుక్ చేసేటప్పుడు ప్రశాంతమైన గది అనే మాటిచ్చారు. రిసెప్షన్ వాళ్లను అడిగితే గది మార్చడానికి గంటన్నర తీసుకున్నారు. పెళ్లిళ్ల ముహూర్తాలున్న రోజుల్లో ఏ పెద్ద హోటల్‌కైనా ఫోన్ చేసి, ఆ తేదీన ఫంక్షన్ ఉందా అని సూటిగా అడగండి. నేను దిండికి అడిగినన్ని ప్రశ్నలు పెద్ద హోటల్ కదా అని ఇక్కడ అడగలేదు.

ఊరు మాత్రం గర్భిణికి చాలా అనుకూలం. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకు వదులుతారు. చదునైన రోడ్డు, పక్కన సముద్రపు గాలి, అలసిపోతే కూర్చోవడానికి గట్టు. భీమిలి దాకా తీర రహదారిలో కారు ప్రయాణం కూడా కుదుపుల్లేకుండా సాగింది. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఇసుక శుభ్రంగా ఉంది, కానీ నీళ్లలోకి మోకాలి లోతు కూడా వెళ్లొద్దు. విశాఖ తీరంలో అల వెనక్కి లాగే బలం ఎక్కువ, పొట్టతో ఉన్నప్పుడు నిలదొక్కుకోవడం కష్టం. కురుసుర జలాంతర్గామి మ్యూజియం నేను బయటి నుంచే చూశాను. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. మా ఆయన ఒక్కడే వెళ్లొచ్చాడు. కైలాసగిరికి కారు పైదాకా వెళ్తుంది కాబట్టి మెట్ల బాధ లేదు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ నోరూరించింది గానీ పచ్చి ఉల్లిపాయ, ఏ నీళ్లో తెలియని చట్నీ ఉంటాయని తినలేదు. ఆ కోరికను మాడుగుల హల్వాతో తీర్చుకున్నాను.

విశాఖ వైపు తూగే అసలు విషయం ఆసుపత్రులు. ఇరవై నిమిషాల్లో గైనకాలజిస్టు ఉన్న ఆసుపత్రి ఏదో ఒకటి దొరుకుతుంది, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఊళ్లోనే ఉంది. దిండిలో ఉన్నప్పుడు ముందుగా పాలకొల్లులో ఒక ప్రసూతి ఆసుపత్రి నంబరు, అమలాపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రి దారి రాసి పెట్టుకున్నాం. అవసరం పడలేదు. స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్, వాడుతున్న మందుల చీటీ ఒకే ఫైల్లో పెట్టి నా చేతిసంచిలోనే ఉంచుకున్నాను, సూట్‌కేసులో కాదు.

ఆరో నెల లోపు, అన్నీ మామూలుగా ఉన్నవాళ్లకు నేను దిండే చెబుతాను, అక్కడే నాలుగు రాత్రులు ఉండి నేరుగా ఇంటికి రమ్మంటాను. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు విమానాలున్నాయి. ఏడో నెలలో ఉన్నవాళ్లు, షుగరో బీపీయో కాస్త చూసుకోవలసినవాళ్లు, డాక్టర్ సరేనంటే, విశాఖకే వెళ్లాలి. ఏ విమానమైనా, ఏడెనిమిది నెలలు వచ్చాక విమానంలో వెళ్లొచ్చని డాక్టర్ ఇచ్చే ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్ అడుగుతారు, వారాల లెక్క ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది, 36 వారాలు దాటితే సాధారణంగా ఎక్కించుకోరు. ఐదో నెల అయినా పొట్ట పెద్దగా కనిపిస్తే కౌంటర్లో ప్రశ్నలు వస్తాయి, అందుకే ఎన్నో వారమో రాసిన డాక్టర్ చీటీ ఒకటి దగ్గర పెట్టుకోండి. తిరుగు ప్రయాణానికి విశాఖలో విమానం ఎక్కేటప్పుడు నన్ను అడిగారు, చూపించగానే నడిచే దారి పక్కన ముందు వరస సీటు ఇచ్చారు.